మేకుకి తగిలించని ముక్క

స్టూడియోలో అందరూ ఆయన్ని బ్లేడు బాబాయ్ అంటారు. నిజానికి ఆయన ఎవరికీ బాబాయ్ కాడు, అన్నదమ్ములే లేరు. ముప్పై నాలుగేళ్ళుగా ఒక సందు చివరి మేడ మీద, కిటికీ లేని గదిలో, సగానికి విరిచిన బ్లేడు పట్టుకుని రికార్డింగు టేపులు కోసి అతకడం ఆయన పని. వార్తలు చదివేవాళ్ళ దగ్గులు, పాఠాలు చెప్పేవాళ్ళ గుటకలు, సబ్బు ప్రకటనలో నవ్వు రాకపోయినా నవ్విన అమ్మాయి నవ్వులో చివరి సగం, అన్నీ ఆయన బ్లేడు కింద పోవలసిందే. కోసిన చోట అతుకు ఉందని ఇంతవరకూ ఒక్కరూ వేలెత్తి చూపలేదు. ఆయనకున్న గర్వమంతా అదొక్కటే, అది మాత్రం దండిగా ఉంది.

టేపును గాడి ఉన్న చిన్న ఇనప దిమ్మ మీద పెట్టి ఏటవాలుగా కోస్తారు. రెండు కొసలూ తాకించి, వెనకవైపు తెల్లటి అంటుపట్టీ వేసి, బొటనవేలి గోటితో రుద్దుతారు. నిటారుగా కోస్తే అతుకు దగ్గర టక్కుమంటుంది, ఏటవాలుగా కోస్తే ఒక శబ్దం ఇంకో శబ్దంలోకి జారిపోతుంది. ఈ ఏటవాలు పిచ్చి ముదిరి ఆయన ఇంట్లో రొట్టె కూడా అలాగే కోసేవాడు. భార్య మొదట్లో నవ్వింది, తర్వాత విసుక్కుంది, ఇప్పుడు ఆవిడా అలాగే కోస్తోంది.

ఆయన గదికి రెండు నియమాలు. కోసిన ముక్క ఏదైనా సరే, చీటీ రాసి గోడనున్న చెక్క మీది మేకుకి తగిలించాలి. ఆ పని పూర్తయి జనంలోకి వెళ్ళేదాకా దాన్ని పారెయ్యకూడదు. ఇది మొదటిది, దీన్ని ఎవరూ కాదనలేరు. శబ్దం లేని ముక్కకి మేకు దండగ, దాన్ని బుట్టలో పడెయ్యాలి. ఇది రెండోది. ఖాళీకి చీటీ మీద ఏమని రాస్తారు, మీరే చెప్పండి. సబబుగానే ఉంది కదా? ఆ సబబైన నియమమే చివరికి ఆయన కొంప ముంచబోయింది. ఆ సంగతికి వస్తాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. పనిలో చేరిన ఏడాదే ఆయన స్టాప్‌వాచీ చెడిపోయింది. కొత్తది అడగడానికి మొహమాటపడి సెకన్లు నోటితోనే లెక్కపెట్టడం మొదలెట్టాడు. "ఒక టేపు, రెండు టేపులు, మూడు టేపులు" అని తొందరపడకుండా గొణిగితే ఒక్కోటీ సరిగ్గా ఒక సెకను. యజమాని వాచీ పట్టుకుని మూడుసార్లు పందెం వేశాడు, మూడుసార్లూ ఓడిపోయాడు. తర్వాత వాచీ కొనిస్తానన్నాడు కానీ, ఇంక ఎందుకు?

ఇన్నేళ్ళు ఇలాంటి పని చేసిన మనిషితో కాపురం ఎలా ఉంటుందో ఆయన భార్యనడగాలి. పొద్దున్నించి సాయంత్రం దాకా తప్పులు వెతికే చెవి ఇంటికొచ్చాక మాత్రం ఊరుకుంటుందా? ఎవరైనా మాట్లాడుతుంటే ఆయన చూపుడువేలూ మధ్యవేలూ కత్తెరలా కదులుతుంటాయి. "అంటే" అన్నది కొయ్యి, "అదే మరి" అన్నది కొయ్యి. పక్కింటాయన ఒకసారి అది గమనించి అప్పట్నుంచీ తల ఊపి వెళ్ళిపోతున్నాడు. ఆయన మనసులో చెడు లేదు. వినపడినదాంట్లో ఏది పోవాలో ముందు తెలుస్తుంది, ఏది ఉండాలో తర్వాత తెలుస్తుంది. అంతే.

ఒక్కతే కూతురు. భార్య ఉన్ని స్వెట్టర్లు అల్లే దుకాణంలో పనిచేసేది. శనివారాలు అక్కడ పని ఎక్కువ, ఇక్కడ తక్కువ. అందుకని పిల్ల శనివారమంతా నాన్న బల్ల కింద కూర్చునేది. టేపు చుట్టే స్పూళ్ళ ఖాళీ డబ్బాలు బోర్లించి రెండు పెన్సిళ్ళతో వాయించేది. "చెవులు చిల్లులు పడుతున్నాయి, ఆపవే తల్లీ" అని ఆయన అరిస్తే కాసేపు ఆపేది, మళ్ళీ మొదలెట్టేది. ఆ పెన్సిళ్ళు పెరిగి పెద్దవై డ్రమ్ము కర్రలవుతాయని ఎవరనుకున్నారు?

చదువయ్యాక బీమా కంపెనీలో ఉద్యోగం వచ్చింది. రెండేళ్ళు చేసి, ఒక సాయంత్రం ఇంటికొచ్చి, ఉద్యోగం మానేశాను, బ్యాండులో డ్రమ్ములు వాయిస్తాను అంది. బాబాయ్ కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

"నువ్వు తప్పు చేస్తున్నావు" అన్నాడు.

"నేను వాయించింది ఒక్కసారైనా విన్నావా నాన్నా?"

"ఎందుకు వినలేదు? పోయినసారి మూడో పాటలో రెండుచోట్ల లయ జారింది."

కూతురు, "నువ్వెప్పుడూ తప్పులే వింటావు" అంది. వారం తిరక్కుండా నాలుగు వీధుల అవతల గది తీసుకుని వెళ్ళిపోయింది. మాటలు అసలు లేవని కాదు. ఫోను చేస్తే "బాగున్నావా", "తిన్నావా", "అమ్మకివ్వు" అంటుంది. మూడేళ్ళలో తండ్రీ కూతుళ్ళ మధ్య ఇంతకు మించి ఒక్క మాట లేదు. అది ఆయన్ని లోపల కోసేసేది. బయటికి చెప్పుకోవడం చేతకాని మనిషి, దగ్గి ఊరుకునేవాడు.

అలాంటిది, ఆ కూతురి బ్యాండు చేసిన రికార్డు అతకడానికి ఆయన దగ్గరికే వచ్చింది.

బ్యాండులో నలుగురు. గిటారు ఒకడు, బూర ఊదే పొడుగాయన ఒకడు, డ్రమ్ముల మీద ఈ అమ్మాయి, వీళ్ళందరికీ పెద్ద ఒక సన్నటి కుర్రాడు. గీతల కాగితాల మీద సంగీతం రాసి కట్టలు కట్టలుగా చంకలో పెట్టుకు తిరుగుతాడు కాబట్టి బాబాయ్ అతనికి కాగితాలబ్బాయి అని పేరు పెట్టుకున్నాడు. మొదటిరోజు వచ్చి చెప్పాడు:

"ఇందులో సగం నేను రాసింది, సార్. ఒక్క స్వరం అటూ ఇటూ కాదు. మిగతా సగం స్టూడియోలో అప్పటికప్పుడు ఎవరికేది తోస్తే అది వాయించాం. తొమ్మిది రోజులు, ఇరవై రెండు స్పూళ్ళు. రాసింది ఎక్కడ ఆగిందో, తోచింది ఎక్కడ మొదలైందో వినేవాడికి తెలియకూడదు."

"అంటే జనం ముందు నన్ను అబద్ధం ఆడమంటారు."

"మీరు అతికితే మీకే అతుకు దొరకదని మీ అమ్మాయి చెప్పింది. వేరే స్టూడియోలో కొత్త మెషీన్లున్నాయి, అక్కడికి వెళ్దాం అన్నాను. ఒప్పుకోలేదు. మా నాన్నకే ఇవ్వండి అని పట్టుబట్టింది."

బాబాయ్ మొహంలో ఏమీ కనపడలేదు కానీ, ఆ రోజు ఇంటికెళ్ళి ఈ మాట భార్యకి నాలుగుసార్లు చెప్పాడు. నాలుగోసారి ఆవిడ, "వినపడిందండీ, నా చెవులూ బాగానే ఉన్నాయి" అంది. తర్వాత, "ఈసారైనా దాన్ని ఏమీ అనకండి" అని కూడా అంది. ఆయనకీ అదే భయం. ఈ పని చక్కగా చేస్తే పిల్ల మళ్ళీ ఇంటి గడప తొక్కుతుంది, చెడగొడితే ఇంక ఆ "తిన్నావా" కూడా ఉండదు.

మూడు వారాలు పట్టింది. వాళ్ళు వాయించినదంతా నేరుగా రెండు ట్రాకుల టేపు మీదకే ఎక్కించారు. కాపీ తీస్తే బుస్సుమనే రొద పెరుగుతుందని కాగితాలబ్బాయి కాపీలు కూడా వద్దన్నాడు. కొయ్యాల్సింది అసలు టేపునే. కుర్రాడు పట్టీ రాసిచ్చాడు: రాసింది ఇక్కడ ఇంతసేపు, ఆ వెంటనే పన్నెండో స్పూలులో బూర గొంతు పట్టేసినట్టు మూలిగే చోటు, దాని మీదకి మళ్ళీ రాసింది. బాబాయ్ పసుపు మైనప్పెన్సిలుతో గుర్తులు పెట్టుకుని కోస్తూ పోయాడు. సంగీతం ఆయనకి నచ్చిందా అంటే, లేదు. మొదటి వారం తలనొప్పి వచ్చింది. రెండో వారం ఒక మధ్యాహ్నం మెట్లు దిగుతూ బూర పొడుగాయన వాయించిన వంకర ముక్కొకటి తనే కూనిరాగం తీస్తున్నట్టు గ్రహించి, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాడు.

కూతురు వాయించినవన్నీ విన్నాడు. మరీ ఎక్కువసార్లే విన్నాడు. లయ జారలేదు. జారినట్టే అనిపించి వెనక్కి తిప్పి చూస్తే కావాలని జార్చి మళ్ళీ పట్టుకున్నట్టు ఉంది. ఈ మాట ఆమెకి చెప్పాలనుకున్నాడు, ఎలా చెప్పాలో తెలియక రేపు చెబుదాంలే అనుకున్నాడు.

రికార్డు రెండో వైపు చివర ఏడో స్పూలు పెట్టమని పట్టీలో ఉంది. "డ్రమ్ము ఒక్కటే ఉన్న చోటు నుంచి, తర్వాత నలుగురూ కలిసి వాయించినదంతా" అని రాశాడు కుర్రాడు. రికార్డు మొత్తమ్మీద ఆ అమ్మాయి ఒక్కతే మొదలుపెట్టింది అదే. బుధవారం మధ్యాహ్నం బాబాయ్ దాన్ని మెషీనుకెక్కించాడు. అప్పుడే యజమాని తలుపులోంచి తల పెట్టాడు.

"రెండో వైపు కొంచెం పొడుగైంది బాబాయ్. అంతా రికార్డు మీద పట్టదు. పది పదిహేను సెకన్లు ఎక్కడైనా లాగెయ్, వాళ్ళకి తెలియను కూడా తెలియదు."

సరేనని తలూపి మెషీను వైపు తిరిగాడు. డ్రమ్ము నడుస్తోంది. శబ్దం కొలిచే డయల్లో ముల్లు లేచి పడుతోంది. ఉన్నట్టుండి ముల్లు పడుకుంది. లేవలేదు. ఒక టేపు, రెండు టేపులు... ముల్లు అలాగే ఉంది. అయ్యో, పిల్ల తడబడింది! దారి తప్పి నిలబడిపోయింది! ముగ్గురు మగాళ్ళ ముందు మైకులన్నీ చెవులు రిక్కించి వింటుండగా ఏం చెయ్యాలో తోచక కూర్చుంది. పదకొండు టేపుల తర్వాత నలుగురూ కలిసి అందుకున్నారు. పాపం, మిగతావాళ్ళు గట్టెక్కించారన్న మాట.

యజమాని అడిగింది పది పదిహేను సెకన్లు. పిల్ల తడబాటు పదకొండు. ఇంక ఆలోచించేదేముంది? ముప్పై నాలుగేళ్ళు ఊరివాళ్ళ దగ్గులన్నీ దాచిన చెయ్యి సొంత కూతురి తప్పు దాచదా? డ్రమ్ము చివరి దెబ్బ తర్వాత ఒక కోత, నలుగురూ అందుకునే ముందు ఒక కోత, మధ్యలో అతుకు. తిప్పి వింటే, అమ్మాయి వాయిస్తూ వాయిస్తూ ఉండగా అందరూ వచ్చి కలిసినట్టే ఉంది, ఎవరూ కనిపెట్టలేరు. "అమ్మయ్య" అని పైకే అన్నాడు. కోసిన ముక్క దాదాపు పద్నాలుగు అడుగులుంది. దాన్ని వేళ్ళకి చుట్టి తీసి బుట్టలో పడేశాడు. శబ్దం లేని ముక్కకి మేకు దండగ కదా.

ఆ రాత్రి ఆయన హాయిగా నిద్రపోయాడు.

గురువారం పొద్దున నలుగురూ వినడానికి వచ్చారు. శుక్రవారం మధ్యాహ్నం టేపు రికార్డులు అచ్చువేసే ఫ్యాక్టరీకి వెళ్ళాలి. కూతురు బల్ల పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. చిన్నప్పుడు ఆ బల్ల కింద కూర్చునేది. మొదటి వైపు అయ్యేసరికి కాగితాలబ్బాయి కళ్ళు మెరిశాయి. తను రాసిన కాగితాలు ముందేసుకుని, "ఇక్కడెక్కడో అతుకుండాలి, ఉండాలి..." అని వెతుక్కుని దొరక్క నవ్వేశాడు. బాబాయ్ ఓరకంట కూతుర్ని చూశాడు. ఆమె కూడా నవ్వుతోంది. మూడేళ్ళకి.

రెండో వైపు చివరికొచ్చింది. డ్రమ్ము నడిచింది, నడిచింది, నలుగురూ వచ్చి కలిశారు.

కూతురు చెయ్యెత్తింది. "ఆపు నాన్నా."

ఆపాడు.

"ఇక్కడ నేను ఆగాను కదా."

"ఆగావు. సర్దేశాను."

"సర్దడమేంటి?"

"తడబడ్డావు కదమ్మా. అది అలా వదిలేస్తే ఊరంతా వింటుంది. యజమాని కూడా ఎక్కడైనా తగ్గించమన్నాడు. ఎవరికీ తెలియకుండా..."

కాగితాలబ్బాయి ముందున్న కాగితాలు పక్కకి నెట్టేశాడు. "సార్, తొమ్మిది రోజుల్లో మేం నలుగురం సైగ లేకుండా ఒకేసారి అందుకుంది అక్కడ ఒక్కచోటే. నేను కాగితం మీద ఎంత రాసినా అది రాదు. ఆ పదకొండు సెకన్ల కోసమే ఆ పాట పెట్టాను" అన్నాడు. గొంతు కోపంగా లేదు, ఏడుపులా ఉంది.

కూతురు తండ్రి మొహంలోకే చూస్తోంది. "నేను తప్పు చేశాననుకున్నావు" అంది. అరిచినా బాగుండేది.

"అంత పొడుగు కొత్త టేపు ముక్క అతికిస్తాను. ఖాళీయే కదా, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు బాబాయ్.

"కొత్త టేపులో ఎవరూ ఉండరు నాన్నా."

ఆయనకి తెలియక కాదు. ఒక గది నిశ్శబ్దం ఇంకో గదికి అతకదని యజమానికి పాఠం చెప్పింది ఆయనే. గదికి గాలి ఉంటుంది, గోడలుంటాయి, మనుషులుంటారు. అవేవీ లేని కొత్త టేపు పెడితే అక్కడ గొయ్యి తీసినట్టు ఉంటుంది. అన్నీ తెలిసీ ఆ మాటన్నాడు. సిగ్గు ముంచుకొచ్చినప్పుడు మనిషి నోటికి ఎంతొస్తే అంత అంటాడు.

"రేపు మధ్యాహ్నంలోగా దొరక్కపోతే ఈ పాట తీసేద్దాం. ఇలా మాత్రం వద్దు" అని కాగితాలబ్బాయి మిగతా ఇద్దర్నీ తీసుకుని కిందికి దిగాడు. కూతురు కూడా లేచి సంచీ భుజానికి తగిలించుకుంది. తలుపు దాకా వెళ్ళింది.

"గోనెసంచీ ఉంది" అన్నాడు బాబాయ్.

"ఏ గోనెసంచీ?"

"బుట్టలోదంతా రోజూ సాయంత్రం వెనక వసారాలో గోనెసంచీలో వేస్తారు. శుక్రవారం పొద్దున ఎత్తుకెళ్తారు. ఇవాళ గురువారం." ఆయన బల్ల ముందునుంచి లేచాడు. "కోసింది నేను, వెతికేదీ నేనే. నువ్వుండక్కర్లేదు. కానీ ఉంటే బాగుంటుంది."

ఆమె భుజానున్న సంచీ దించి మేకుకి తగిలించింది.

గోనెసంచీ తెచ్చి నేల మీద బోర్లించారు. ఓరి నాయనో, వారం రోజుల ఖాళీలు! గోధుమరంగు టేపు ముక్కలు ఒకదానిలో ఒకటి మెలికపడి కుప్పగా పడ్డాయి. ఎక్కడ పట్టుకుని లాగాలో తెలియదు, గట్టిగా లాగితే టేపు సాగిపోతుంది, సాగితే శబ్దం పాడైపోతుంది. ఇద్దరూ చెరోవైపు కూర్చుని అరగంటలో నాలుగు ముక్కలు మాత్రం విడదీశారు. తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పుడు వచ్చింది ఆయన భార్య. పొద్దున హడావిడిలో ఆయన మర్చిపోయిన భోజనం డబ్బా పట్టుకుని. నేల మీద మొగుణ్ణీ కూతుర్నీ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఏం జరిగిందో కూతురు రెండు ముక్కల్లో చెప్పింది. ఆవిడ మొగుడి వైపు ఒక్క చూపు చూసింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ చూపు ఆయనకి కొత్తేం కాదు, అయినా తలొంచుకున్నాడు.

"లేవండి, చిక్కు అలాగా తీసేది?" అని ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుంది. ఇరవై ఏళ్ళు ఉన్ని చిక్కులు తీసిన చేతులు. కొస వెతకడం మానేసి, కుప్పని రెండు చేతులతో వదులు చేసి మెల్లగా కుదిపితే ముక్కలు వాటంతటవే జారి విడివడ్డాయి. కాసేపయ్యాక, "మూడేళ్ళకి ముగ్గురం ఒకచోట కూర్చున్నాం, అదీ చెత్త ముందు" అంది. కూతురికి నవ్వాగలేదు.

పొట్టివన్నీ పక్కన పెట్టేశారు. ముక్కు దగ్గర్నుంచి చాపిన చేతి కొస దాకా బాబాయ్‌కి ఒక గజం. నాలుగున్నర గజాలకి అటూ ఇటూగా ఉన్నవి ముప్పై దాకా తేలాయి. వాటిలో ఎక్కువ పాఠాల టేపుల్లోవి. ప్రశ్న అడిగాక పిల్లలు ఆలోచించుకోవడానికని మాస్టారు వదిలిన ఖాళీలు మరీ పొడుగయ్యాయని ఆ వారమే తగ్గించాడు. ఒక్కోటీ మెషీనుకి ఎక్కించి, శబ్దం పూర్తిగా పెంచి వినాలి. చెవులకి పెట్టుకునేవి రెండు జతలున్నాయి. తండ్రి ఒకటి, కూతురు ఒకటి పెట్టుకున్నారు.

"ఇది లెక్కల మాస్టారు. ముక్కు బిగిసింది చూడు."

ఇంకోటి. "ఇదీ ఆయనే. కుర్చీ వెనక్కి వాల్చాడు."

ఇంకోటి. "ఇది భూగోళం ఆవిడ. ఆలోచించేటప్పుడు నాలుక పళ్ళకి తాకిస్తుంది."

కూతురు ఆయనకేసి వింతగా చూసింది. "ఊపిరిని బట్టి మనుషుల్ని పట్టేస్తావా?"

"రోజూ అవి తీసేసే పనే కదమ్మా. తీసెయ్యాలంటే ముందు తెలియాలిగా." కాసేపు మెషీను చక్రం వేలితో అటూ ఇటూ తిప్పాడు. తర్వాత అన్నాడు: "నిన్న నీది నేను వినలేదు. ముల్లు పడుకుంది, నువ్వు తప్పు చేశావనుకున్నాను, కోసేశాను. చెవులున్నవాణ్ణని ఇన్నేళ్ళు విర్రవీగి, కన్నకూతురి టేపు కళ్ళతో కోశాను. మూడేళ్ళ కిందటా అంతే చేశాను. నాదే తప్పు."

ఆమె ఇంకో ముక్క తీసి ఆయన చేతికిచ్చింది.

పంతొమ్మిదో ముక్క తిరుగుతోంది. మొదట గది వినిపించింది. పెద్ద గది, ఎత్తు కప్పు. డ్రమ్ము చర్మం ఇంకా సన్నగా గుయ్యిమంటోంది. డ్రమ్ముల వెనక ముక్కాలిపీట కిర్రుమంది. తర్వాత ఒక ఊపిరి. ఆ ఊపిరి బాబాయ్‌కి చెప్పాల్సిన పనిలేదు. పిల్లకి నాలుగేళ్ళప్పుడు కోరింత దగ్గు వస్తే నెల రోజులు పక్కలో కూర్చుని విన్న ఊపిరి అది. ఇదే అని చెప్పబోయాడు. అంతలో ఊపిరి కింద నుంచి, ఎక్కడో అడుగున, గుసగుసగా వినపడింది.

"...నాలుగు టేపులు... అయిదు టేపులు... ఆరు టేపులు..."

బాబాయ్ మెషీను ఆపాడు. కూతురు చెవులవి తీసేసి, తల వంచుకుని, గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది.

"ఎప్పుడూ అలాగే లెక్కపెడతాను" అంది. "బల్ల కింద నేర్చుకున్నానుగా. ఆరోజు ఆపాలనిపించింది, ఆపాను. మనసులోనే లెక్కపెడుతున్నాననుకున్నాను, కొంచెం పైకే అన్నట్టున్నాను. పదకొండుకి వాయించాలనిపించింది. వాళ్ళకీ అనిపించిందట."

"ఏమైందండీ? దొరికిందా?" అని భార్య మోచేత్తో పొడిచింది. ఆయన తన చెవులకున్నవి తీసి ఆవిడకి పెట్టి, టేపు మొదటికి తిప్పాడు. ఆవిడ విన్నది. కళ్ళు తుడుచుకుని, "వెధవ లెక్క, దీనికీ అంటించారా" అంది. మొగుడూ కూతురూ ఒకేసారి నవ్వారు.

ముందురోజు వేసిన అతుకుని బాబాయ్ గోటితో విప్పాడు. ముప్పై నాలుగేళ్ళలో తను వేసిన అతుకుని తనే విప్పుకోవడం అదే మొదటిసారి. పద్నాలుగు అడుగుల ముక్కని మధ్యలో పెట్టి రెండు వైపులా అతికాడు. సాయంత్రం కాగితాలబ్బాయి వచ్చి విన్నాడు, రెండోసారి విన్నాడు, బాబాయ్ రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. పొడుగెక్కువైందన్నారు కదా అని బాబాయ్ గుర్తుచేస్తే, తను రాసిన మొదటి పేజీలోంచి పన్నెండు సెకన్లు తనే కొట్టేశాడు. ఆ పన్నెండు సెకన్లు చీటీతో సహా మేకుకెక్కాయి.

గోడనున్న చెక్కకి మర్నాడు బాబాయ్ ఇంకో మేకు కొట్టాడు. దాని పైన చెక్క మీద "ఖాళీలు" అని రాశాడు. యజమాని చూసి, బాబాయ్‌కి చాదస్తం మొదలైందన్నాడు. అనుకోనీ.

రికార్డు రెండు నెలలకి వచ్చింది. గొప్పగా అమ్ముడు పోలేదు. ఒక పత్రికాయన అర్థం కాలేదన్నాడు, ఇంకొకాయన అర్థమైందని రాశాడు, చదివితే ఆయనకీ కాలేదని తెలిసింది. అట్ట వెనక అందరి పేర్లూ వేసి, చివర్న చిన్న అక్షరాలతో "అతుకులు: నాన్న" అని వేశారు. ఎవరి నాన్నో రాయలేదు.

ఒక ఆదివారం పొద్దున కూతురు రికార్డు తెచ్చి ఇచ్చి, రిహార్సలుంది, మధ్యాహ్నం భోజనానికి వస్తానని చెప్పి వెళ్ళింది. మొగుడూ పెళ్ళాం దాన్ని వేసుకుని కూర్చున్నారు. మొదటి వైపంతా ఆవిడ అల్లిక చేసుకుంటూ ఓపిక పట్టింది. రెండో వైపు సగంలో, "దీన్ని సంగీతమంటారా?" అని ఒకసారి అడిగింది. ఆయన "ఊఁ" అన్నాడు. చివరికి డ్రమ్ము ఒక్కటే మిగిలింది. నడిచింది, నడిచింది, ఆగింది.

ఆవిడ అల్లిక పక్కన పెట్టి లేచింది. "ఇదేంటి, ముల్లు ఇరుక్కుపోయినట్టుంది" అని రికార్డు ప్లేయరు వైపు చెయ్యి చాపింది.

బాబాయ్ ఆ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఇరుక్కోలేదు" అన్నాడు. "అమ్మాయి లెక్కపెడుతోంది. ఉండు, ఇంకా ఏడున్నాయి."